ఏనుగు బొమ్మ ఇంజను

రైలింజన్లను చూడటం నాకు పందొమ్మిదేళ్ళుగా ఉన్న జబ్బు. తాగుడూ పేకాటా లేవు కదా పోనీలే అని మా ఆవిడ సర్దుకుపోయింది. గుండ్లవాగు జంక్షన్లో స్టేషను రోడ్డు మీద నాకో కళ్ళజోళ్ళ షాపుంది. పగలంతా నలుగురి చూపూ సరిచేసి పంపి, సాయంత్రం షాపు మా ఆవిడకి అప్పగించి, రైలు కట్ట మీదికి పోతాను. వచ్చే ఇంజను నంబరూ, అది ఏ షెడ్డుదో, ఏ కిలోమీటరు రాయి దగ్గర ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి కనిపించిందో నోటుబుక్కులో రాసుకుంటాను. ఒక ఫొటో తీస్తాను. ఇంటికొచ్చి అన్నం తింటాను. దీనివల్ల ఎవరికేం లాభమని అడిగినవాళ్ళకి ఇంతవరకూ జవాబు చెప్పలేకపోయాను.

ఈ జబ్బున్నవాళ్ళం మా ఊళ్ళో పదకొండుమందిమి. గుండ్లవాగు రైలు వీక్షకుల సంఘం అని పేరు పెట్టుకున్నాం. రిటైరైన డ్రాయింగు మాస్టారు తామిరిశ పురుషోత్తం గారు అధ్యక్షులు. మా సంఘానికి ఒకటే నియమం. చూడని ఇంజనును చూశానని చెప్పకూడదు, చూసినదాన్ని చూడలేదని అనకూడదు. ఐదేళ్ళ కిందట ఒకాయన ఎవరో పంపిన ఫొటోని తనదని గ్రూపులో పెట్టాడు. అందులో నీడ ఏ పక్కన పడిందో చూసి మాస్టారు పట్టేశారు, పేరు కొట్టేశారు. ఆ పెద్దమనిషి ఇప్పటికీ మా వీధిలోంచి పోవాల్సొస్తే చుట్టు తిరిగి పోతాడు.

అలాంటి ఊరికి ఫిబ్రవరిలో ఏనుగు బొమ్మ ఇంజను వచ్చింది.

సరుకంతా లారీల పాలవుతోందని, దాన్ని రైలుకు మళ్ళించాలని పైవాళ్ళు తలపెట్టారు. మళ్ళించాలంటే వ్యాగన్లు పెంచొచ్చు. గూడ్స్ షెడ్లకి కప్పులు వేయించొచ్చు. వాళ్ళు బాగా ఆలోచించి ఒక గూడ్స్ ఇంజనుకి రంగు వేయించారు. ఒళ్ళంతా చిలకపచ్చ. రెండు పక్కలా మిరపకాయలు, మామిడిపళ్ళు, సిమెంటు బస్తాలు, అన్నిటికీ కళ్ళూ నోళ్ళూ, అన్నీ నవ్వుతున్నాయి. ముందు భాగమంతా ఏనుగు ముఖం, ఎత్తిన తొండంలో ఒక మూట. కింద ‘బరువు మాకివ్వండి, నిశ్చింతగా ఉండండి’ అని బంగారు అక్షరాలు. కాగితాల్లో దాని పేరు ‘సరుకుమిత్ర’. ఊళ్ళో అందరూ ఏనుగింజనే అన్నారు.

మొదటిసారి దాన్ని ప్లాట్‌ఫారం చివర చూసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. నంబరు 88214. మూడు ఫొటోలు తీశాను. నాలుగోది తీస్తుండగా రైల్వే పోలీసు ఇన్స్పెక్టరు భుజం మీద చెయ్యేశాడు. ఫొటోలు తీయడం నిషేధమని అక్కడ బోర్డుంది, నిజమే. ఆ బోర్డు పక్కనే ‘సరుకుమిత్రను తిలకించండి, పులకించండి’ అని ఇంకో బోర్డు కూడా ఉంది. నేను రెండోది చదివానని చెబితే, చదవాల్సింది మొదటిదని ఆయన నన్ను స్టేషను గదిలో కూచోబెట్టాడు.

అక్కణ్ణుంచి నన్ను విడిపించినవారు శ్రీ కర్లపూడి విద్యాధరరావు గారు. డివిజన్లో సరుకు రవాణా ప్రోత్సాహక విభాగానికి ముఖ్యాధికారి. సఫారీ సూటు, జేబులో మూడు రంగుల పెన్నులు. ఆయన మామూలుగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మంచినీళ్ళు కావాలన్నా ‘జలం విషయమై ఒకసారి పరిశీలించండి’ అంటారు.

“మీరు నేరస్థులు కారు. మీరు భాగస్వాములు” అన్నారాయన నాతో. “ప్రస్తుత త్రైమాసికంలో సరుకుమిత్రకు పదివేల వీక్షణలు లక్ష్యంగా నిర్దేశించబడ్డాయి. ఇప్పటివరకు సాధించబడినవి పద్నాలుగు.”

గూడ్స్ బండికి టైము ఉండదు కదా. అది పొలాల మధ్య మిట్టమధ్యాహ్నం పోతుంది, ఎవరూ చూడరు. ఆ పద్నాలుగు మందిలో పదకొండుమంది గేట్లు వేసేవాళ్ళు, ముగ్గురు గొర్రెల కాపర్లు. అందుకని మా సంఘాన్ని అధీకృత వీక్షకులుగా నియమిస్తూ ఆయన ఉత్తర్వు ఇచ్చారు. మెడలో వేసుకునే కార్డులిచ్చారు. నన్ను పట్టుకున్న ఇన్స్పెక్టరే ఆ కార్డు నా మెడలో వేసి సెల్యూట్ చేశాడు. ఆ పూటకి నా అంత గొప్పవాడు లేడనుకున్నాను. అబద్ధమెందుకు, చాలా రోజులే అనుకున్నాను.

ఇంజను చూసినప్పుడల్లా మేము ‘వీక్షణ ధ్రువీకరణ పత్రం, నమూనా తొమ్మిది’ నింపివ్వాలి. తేదీ, సమయం, కిలోమీటరు, ఇంజను నంబరు. ఇవి మేము ఎలాగూ రాసుకునేవే. చివర ‘కలిగిన భావం’ అని ఒక గడి. మాస్టారు ‘ఆనందం’ అని రాస్తే పత్రం తిరిగొచ్చింది. ‘ఆనందం కలిగినట్లు నమోదై ఉన్నది. అయితే సరుకును రైలు ద్వారా పంపవలెనన్న సంకల్పం కలిగినదీ లేనిదీ తెలియరాలేదు. వివరణ కోరడమైనది.’ తన దగ్గరున్న సరుకు రెండు ట్రంకుపెట్టెలూ ఒక డ్రాయింగు బల్ల మాత్రమేనని మాస్టారు మూడు పేజీల వివరణ రాసుకున్నారు.

మార్చి మొదట్లో ఒక తనిఖీ జరిగింది. వచ్చిన పెద్దాయన ఏనుగు చెవి మీద వేలితో రాసి, ఆ వేలు విద్యాధరరావు గారికి చూపించారట. బొగ్గు మసి. వేలు చూపించడమే, అంతే. మర్నాడు సర్క్యులర్ వచ్చింది, సరుకుమిత్ర ఇకపై బొగ్గు లాగరాదని. సిమెంటు దుమ్ము మామిడిపళ్ళ మీద పడుతోందని వారానికి సిమెంటు కూడా తీసేశారు. ఎర్ర ఖనిజం ఎలాగూ కుదరదు. పది రోజులకి మరో సర్క్యులర్. వెనకాల వ్యాగన్లు పాతబడి, తుప్పుపట్టి, ఇంజను అందానికి భంగం కలిగిస్తున్నందున అది వ్యాగన్లు లేకుండానే నడవాలి. అందరికీ స్పష్టంగా కనిపించేలా గంటకి ఇరవై కిలోమీటర్లు మించరాదు. బరువు లాగిన ఇంజన్ల రిజిస్టర్లో దాని నంబరు ఎట్టి పరిస్థితుల్లోనూ రాయరాదు, రాస్తే తగు చర్య తీసుకోబడును.

ఇలా సరుకు రవాణాను పెంచే ఇంజను సరుకు వదిలేసి ఒంటరిగా ఊరేగడం మొదలుపెట్టింది. అది నెమ్మదిగా పోతుంటే దారివ్వడానికి వెనకాల వచ్చే గూడ్స్ బళ్ళన్నీ లూపు లైన్లలో గంటల తరబడి నిలబడేవి. మధ్యదారిలో ఏనుగు ఆగిపోతే పరువు పోతుందని దాని వెనక తోడుగా ఇంకో ఇంజను నడిపారు. రోజూ కడగడానికి నీళ్ళ ట్యాంకరు మోయడానికి మూడో ఇంజను. మా గుండ్లవాగుకి గూడ్స్ పనికి ఉన్నవే మూడు ఇంజన్లు. ఏప్రిల్ వచ్చేసరికి ఎండకి రంగు వెలుస్తుందని గూడ్స్ షెడ్డులో ఉన్న బరకాలన్నీ తెచ్చి దానికి కప్పారు. వీక్షకులు వచ్చినప్పుడు మాత్రం పక్కకి లాగి చూపించేవాళ్ళు. గుళ్ళో తెర తీసినట్టు మేము చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళం.

దాన్ని నడిపే డ్రైవరు షేక్ సైదా గారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు, రిటైర్మెంటుకి ఇంకా ఎనిమిది నెలలు. సన్నగా, ఎత్తుగా, చేతులు మాత్రం ఆ ఒంటికి పెద్దవిగా ఉంటాయి. నా షాపుకి ఎదురుగా ఉన్న కొట్లో టీ తాగుతాడు.

“బరువు లాగినోణ్ణయ్యా శేషగిరీ” అన్నాడు ఒక రోజు గ్లాసు కింద పెట్టి. “ఎనక నాలుగు వేల టన్నులుంటే చేతికి తెలిసిద్ది. ఇప్పుడు ఉత్తినే తిప్పతన్నా. కాడి లేని ఎద్దును రోడ్డెమ్మట తోలినట్టుంది. మా ఆడోళ్ళు డ్యూటీకెళ్ళొస్తివా అనడుగుతుంటే సిగ్గేస్తంది.”

నేను తల ఊపాను. నాలో మాత్రం వేరే దిగులుంది. వ్యాగన్లు లాగుతున్న ఏనుగింజను ఫొటో మా పదకొండుమందిలో ఎవరి దగ్గరా లేదు. వచ్చిన కొత్తలో లాగినప్పుడు మాకు కార్డులు లేవు, కార్డులొచ్చీ రాగానే అది లాగడం మానేసింది. అది లాగుతూ ఒక్కసారి కనబడితే చాలు, ఈ జన్మకింకేమీ అక్కర్లేదని నేను నిజంగానే అనుకున్నాను.

ఏప్రిల్ చివరి వారంలో విద్యాధరరావు గారి ప్రచారానికి ఫలితం దక్కింది. ఒక్క ఖాతాదారు వచ్చింది.

ఆమె పేరు ఏరువ ఆదెమ్మ. చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళ మొక్కజొన్న రైతుల సంఘానికి అధ్యక్షురాలు. యాభై ఏళ్ళుంటాయి, నేత చీర, చేతికి మగవాళ్ళ గడియారం. మొక్కజొన్నంతా ఏటా లారీల మీద అరవదేశం కోళ్ళఫారాలకి పంపేవాళ్ళు. గేటు దగ్గర ఏనుగు బొమ్మ చూసి, కింద రాసింది చదివి, సంఘంలో అందరినీ ఒప్పించి ఈసారి రైలుకి పెట్టింది. నలభై రెండు వ్యాగన్లు. నమూనా తొమ్మిదిలో భావం గడి తృప్తిగా నింపదగిన మనిషి ఈ డివిజన్ మొత్తానికి ఆవిడొక్కతే.

మా గూడ్స్ షెడ్డు లైను పొట్టిది. ఇరవయ్యొక్క వ్యాగన్లే పడతాయి. సగం నింపాక ఇంజను వచ్చి వాటిని బయటికి లాగి, మిగతా సగం ఖాళీవి లోపలికి నెట్టాలి. మొదటి సగం నింపారు. ఇంజను రాలేదు. ఒకటి ఏనుగుకి తోడు, ఒకటి ఏనుగుకి నీళ్ళు, ఇంకోటి ఏనుగే. మూడు రోజులు గడిచాయి. మిగతా సగం పంట, పాతిక వేల బస్తాలు, కప్పులేని ప్లాట్‌ఫారం మీద ఆరుబయట ఉంది. కప్పడానికి బరకాలు ఏనుగు మీద ఉన్నాయి. నాలుగో రోజు పొద్దున దక్షిణం వైపు మబ్బు పట్టింది.

ఆ పొద్దున వారం పత్రాలు ఇవ్వడానికి నేను విద్యాధరరావు గారి ఆఫీసులో ఉన్నాను. సైదా డ్యూటీ పుస్తకంలో సంతకం కోసం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆదెమ్మ లోపలికొచ్చి కూచోలేదు.

“సారూ, వాన పడిద్ది. తడిస్తే మొక్కజొన్న బూజు పట్టి పోద్ది. కోళ్ళు కూడా తినవు. పన్నెండూళ్ళ పంట. నా మాట మీద పెట్టారు అందరూ.”

“అమ్మా, మీ ఆవేదన సంబంధిత విభాగం దృష్టిలో ఉన్నది. ఇంజను లభ్యత విషయమై ప్రయత్నాలు కొనసాగుతున్నవి.”

ఆవిడ కిటికీలోంచి చెయ్యి చూపించింది. “అదుగో ఉంది కదండీ ఇంజను.”

కిటికీకి ఎదురుగా, గూడ్స్ షెడ్డుకి రెండు లైన్ల అవతల, బరకాల కింద ఏనుగు నిలబడి ఉంది.

“అది సరుకుమిత్ర” అన్నారాయన.

“సరుకు లాగేదేనా?”

“సరుకు రవాణాను ప్రోత్సహించేది. రవాణా చేయడం వేరు, ప్రోత్సహించడం వేరు. ఉదాహరణకు గోడ మీద సబ్బు ప్రకటన ఉందనుకోండి. ఆ గోడతో మీరు స్నానం చేయరు కదా.”

“గోడ మీద సబ్బు బొమ్మ ఉంటే మా ఊళ్ళో కొట్లో సబ్బు దొరికిద్ది సారూ. నాకిక్కడ గోడే దొరికింది” అంది ఆదెమ్మ.

విద్యాధరరావు గారు నొచ్చుకున్నారు. జిల్లా కేంద్రంలో సరుకు రవాణా ప్రోత్సాహక సదస్సు ఉందని, సాయంత్రం దాకా తాను అందుబాటులో ఉండనని, ఆమె సమస్యను సదస్సులో ఒక విజయగాథగా ప్రస్తావిస్తానని చెప్పి కారెక్కి వెళ్ళిపోయారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటారు. ఈయన పెట్టకపోగా పెట్టినట్టు ఉపన్యాసం కూడా ఇవ్వబోతున్నాడని నాకు ఒళ్ళు మండింది. కానీ కార్డు మెడలో ఉంది, ఏమీ అనలేదు.

మెట్ల మీద ఆదెమ్మ సైదాను ఆపింది.

“దాన్ని నడిపేది నువ్వేనా అన్నా?”

“అవునమ్మా.”

“దానికి బలం ఉందా, లేక బొమ్మేనా?”

సైదా ముఖం ఎర్రబడింది. “నాలుగు వేల గుర్రాల బలం” అన్నాడు.

ఆవిడ ప్లాట్‌ఫారం మీద బస్తాల కేసి చూస్తూ నిలబడింది. సైదా మబ్బు చూశాడు, తన చేతులు చూసుకున్నాడు, సంతకం లేని డ్యూటీ పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. “శేషగిరీ, బరకం ఆ కొస పట్టుకోవయ్యా” అన్నాడు.

ఇద్దరం కలిసి బరకాలన్నీ లాగేశాం. హమాలీలు వాటిని పట్టుకెళ్ళి బస్తాల మీద కప్పారు. ఇంజను గుర్రుమంది. పదకొండు గంటలకల్లా సైదా నిండిన వ్యాగన్లను బయటికి లాగి ఖాళీవి లోపలికి నెట్టేశాడు. పన్నెండు ఊళ్ళ రైతులు హమాలీలతో పాటు బస్తాలెత్తారు. ఆదెమ్మ కూడా చీర దోపుకుని తాళ్ళు బిగించింది. మూడున్నరకి ఆఖరి వ్యాగను తలుపు వేశారు. స్టేషను మాస్టరు సిగ్నల్ ఇచ్చాడు. రిజిస్టర్లో ఇంజను నంబరు గడి దగ్గరికొచ్చేసరికి ఆయన కలం ఆగింది. ఆ నంబరు రాయకూడదని సర్క్యులర్ ఉంది, లేని నంబరు రాయకూడదని అంతకన్నా పాత సర్క్యులర్ ఉంది. ఆయన గడిలో ఒక గీత గీశాడు.

నేను అప్పటికే స్కూటరు మీద నలభై ఒకటో కిలోమీటరు దగ్గర వంపుకి చేరుకున్నాను.

తొలి చినుకులు పడుతుండగా వచ్చింది. ఏనుగు ముఖం నిండా దుమ్మూ బురదా. తొండంలో మూట సగం మసి పట్టింది. వెనకాల నలభై రెండు వ్యాగన్లు వంపంతా నిండిపోయి వస్తున్నాయి. కిటికీలోంచి సైదా మోచెయ్యి బయటపెట్టి ఉన్నాడు. నవ్వడం లేదు, ఊరికే ముందుకి చూస్తున్నాడు. పందొమ్మిదేళ్ళలో నేను తీసిన అన్నిటికన్నా మంచి ఫొటో అది.

అక్కడే తడుస్తూ నిలబడి గ్రూపులో పెట్టాను. పెట్టి ఊరుకున్నానా, అలవాటు చావదు కదా. కింద రాశాను. నంబరు 88214, గుండ్లవాగు షెడ్డు, కిలోమీటరు 41, సాయంత్రం 4.19, నలభై రెండు వ్యాగన్ల మొక్కజొన్న, డ్రైవరు షేక్ సైదా గారు. అలా రాయకపోతే అది చూపు కింద లెక్కకి రాదు మాకు. మాస్టారు వెంటనే ‘ఇంతటిది నా జీవితంలో చూడలేదు’ అని పెట్టారు. ఆ సాయంత్రం నేను ఇంటికి పాటలు పాడుకుంటూ వెళ్ళాను.

ఫొటో చేతులు మారి సదస్సు ముగిసేలోపే విద్యాధరరావు గారి ఫోనుకి చేరింది. ఏనుగు తిరిగి రాగానే ఆయన మొదట చేసిన పని ఏనుగును శుభ్రంగా కడిగించడం. రెండో పని సైదాను సస్పెండు చేయడం. అభియోగం ఇది: ‘ప్రచార సామగ్రిని రవాణా నిమిత్తం దుర్వినియోగపరచుట.’ సాక్ష్యం నంబరు ఒకటి, నా ఫొటో. ఇంకో సాక్ష్యం లేదు, చూసిన మిగతావాళ్ళెవరికీ అధీకృత కార్డు లేదు. ఇంజను మీద మసి కడిగేశారు, రిజిస్టర్లో గీత ఉంది. నాకూ ఒక ప్రతి వచ్చింది. ‘తాము అధీకృత వీక్షకులైనందున తమ వీక్షణకు సంపూర్ణ ప్రామాణికత కలదు. విచారణకు హాజరు కాగలరు.’

అది చదివి నాకు అన్నం సహించలేదు. ఏం చేశానో అప్పటికి గానీ అర్థం కాలేదు. నంబరు, టైము, కిలోమీటరు, పేరు. పోలీసువాళ్ళు నెల్లాళ్ళు తిరిగినా సంపాదించలేని ఆధారాలన్నీ నేనే ముచ్చటపడి వరసగా రాసిపెట్టాను.

సైదా ఇంటికి వెళ్ళాను. ఆయన వాకిట్లో మంచానికి నవారు బిగిస్తున్నాడు. వాళ్ళావిడ టీ తెచ్చి నా చేతికిచ్చి, “ఉద్యోగం తీసేస్తే పింఛను కూడా రాదంట, నిజమేనా అన్నా?” అని అడిగింది.

“తప్పైపోయింది సైదా గారూ” అన్నాను.

“ఫొటో ఏదీ, చూపియ్యి” అన్నాడాయన.

ఫోను దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి, చాలాసేపు చూశాడు. “బురద పడ్డాక ఏనుగులాగుంది” అన్నాడు. “నువ్వు చూసింది నువ్వు రాశావు. నేను లాగాల్సింది నేను లాగా. ఎవరి పని వాళ్ళం చేశాం. దానికి ఏడుపెందుకయ్యా?”

ఏం చెప్పమనీ ఆయన నన్ను అడగలేదు. అడిగితే కొంచెం తేలికయ్యేది.

విచారణ డివిజన్ ఆఫీసు మేడ మీద జరిగింది. బల్ల వెనక ముగ్గురు అధికారులు, నడుమ కూచున్నాయన విచారణకి అధ్యక్షులు. ఒక పక్క విద్యాధరరావు గారు, ఇంకో పక్క సైదా. ఫొటో నిజానిజాలు తేల్చే నిపుణుడిగా మా పురుషోత్తం మాస్టారిని పిలిపించారు. ఆయన భూతద్దం తెచ్చుకున్నారు.

“ఈ ఛాయాచిత్రం తాము తీసినదేనా?” అని అధ్యక్షులవారు నన్ను అడిగారు.

పందొమ్మిదేళ్ళలో నింపిన నోటుబుక్కులు ఇంట్లో బీరువా నిండా ఉన్నాయి. ఒక్క అంకె తప్పు లేదు వాటిలో. నాకంటూ ఉన్న గొప్ప అదొక్కటే. మాస్టారు నా కేసి ధైర్యం చెబుతున్నట్టు చూస్తున్నారు.

“కాదండి” అన్నాను. “కంప్యూటర్లో తయారు చేసింది. ఏనుగింజను వ్యాగన్లు లాగుతుంటే ఎలా ఉంటుందో చూడాలని సరదాపడి అతికించాను. ఆ రోజు నేను అక్కడేమీ చూడలేదు.”

సైదా తలెత్తాడు. మాస్టారి ముఖం తెల్లబోయింది.

“నిపుణుల అభిప్రాయం?” అన్నారు అధ్యక్షులవారు.

మాస్టారు భూతద్దం పెట్టి ఫొటోని ఐదు నిమిషాలు చూశారు. ఆయన నోట అబద్ధం రాదు.

“నీడను బట్టి చెబుతాను నేను” అన్నారు చివరికి. “ఆకాశం మబ్బు పట్టి ఉంది. నీడ లేదు. కాబట్టి నేనేమీ చెప్పలేను.”

ఇక మిగిలింది రిజిస్టరు. అధ్యక్షులవారు గీత మీద వేలు పెట్టారు. “మరి నలభై రెండు వ్యాగన్లు గమ్యం చేరాయి కదా. ఏ ఇంజను లాగింది?”

మూడు ఇంజన్లలో రెండు ఏనుగు సేవలో ఉన్నాయని విద్యాధరరావు గారు స్వయంగా సంతకం చేసిన కాగితాలున్నాయి. ఏనుగు లాగలేదని ఇప్పుడే తేలింది. లాగిందంటే ఆయన లేనప్పుడు ఎలా లాగింది, బరకాలు ఏనుగు మీద ఎందుకున్నాయి, మూడు రోజులు ఇంజను ఎందుకు లేదు అని ప్రశ్నలు వరసగా ఆయన మీదికే వస్తాయి. అడుసు తొక్కాక కాలు ఎక్కడ కడుక్కోవాలో ఆయనకి బాగా తెలుసు.

“రికార్డుల ప్రకారం ఏ ఇంజనూ లాగలేదు సార్” అన్నారు. “రికార్డుల ప్రకారం సదరు రైలు ఇంజను ప్రమేయం లేకుండానే గమ్యం చేరినది.”

బల్ల వెనక ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

“డీజిలు?” అని అడిగారొకరు.

“సున్నా సార్.”

సైదా మీద అభియోగం కొట్టేశారు. జూన్‌లో మా డివిజన్‌కి ఇంధన పొదుపు షీల్డు వచ్చింది. ‘ఇంజను ప్రమేయం లేని సరుకు రవాణా: గుండ్లవాగు నమూనా’ అని విద్యాధరరావు గారు పుస్తకం వేశారు. ఇతర డివిజన్ల నుంచి బృందాలు వచ్చి గూడ్స్ షెడ్డు వాలు కొలిచి, మట్టి సీసాల్లో పట్టుకెళ్ళాయి. ఇకపై నెలకు రెండు రైళ్ళు ఈ పద్ధతిలోనే నడపాలని ఉత్తర్వు వచ్చింది. జులైలో నింపిన ఆ రెండు రైళ్ళూ ఇంకా గుండ్లవాగులోనే ఉన్నాయి. ఏనుగింజనును ఆఫీసు ముందు సిమెంటు దిమ్మె మీదికి ఎక్కించారు. చుట్టూ పూలమొక్కలు, ఫొటోలు తీయరాదని బోర్డు. ఆదెమ్మ వాళ్ళ మొక్కజొన్న పొడిగా చేరింది, మంచి ధరే పలికింది. తర్వాతి పంట ఆవిడ లారీల మీద పంపించింది.

మా సంఘం సమావేశం మాస్టారి ఇంటి వరండాలో జరిగింది. చూసినదాన్ని చూడలేదనకూడదు అన్నది నియమం. నేను అన్నాను, అదీ అధికారుల ముందు. లేక కంప్యూటర్లో చేసినదాన్ని చూశానని గ్రూపులో పెట్టాను. ఎటు చూసినా రెండిట్లో ఒకటి. పదిమందీ చేతులెత్తారు. మాస్టారు నా పేరు మీద గీత గీసేటప్పుడు స్కేలు పెట్టి గీశారు, వంకర పోకుండా. గేటు దాకా వచ్చి, “ఆ వ్యాగన్ల వరస చాలా బాగుందయ్యా” అన్నారు మెల్లిగా. ఆ తర్వాత మా ఊళ్ళో చుట్టు తిరిగి పోయేవాళ్ళం ఇద్దరమయ్యాం. నోటుబుక్కులు బీరువాలోనే ఉన్నాయి. కట్ట మీదికి పోవడం మానేశాను. బాధగా ఉండేది, లేదనను.

జనవరి మొదటి వారంలో సైదా షాపుకొచ్చాడు. రిటైరై వారమైంది. దగ్గరివి కనబడటం లేదంటే చూపు పరీక్ష చేసి, అద్దాలు అమర్చి, కళ్ళజోడు చేతికిచ్చాను. పెట్టుకుని, అటూ ఇటూ చూసి, “ఆ ఫొటో ఒకటి అచ్చేసియ్యవా? ఇంట్లో పెట్టుకుంటా” అన్నాడు.

లోపలికెళ్ళి సొరుగులోంచి తీశాను. ఫొటో తీసిన మర్నాడే, సస్పెన్షన్ సంగతి తెలియకముందు, నాకోసం పెద్దది వేయించి పెట్టుకున్నాను. మళ్ళీ బయటికి తీయలేదు. వెనక్కి తిప్పి, ఎనిమిది నెలల తర్వాత కలం తీసి, నా అలవాటు ప్రకారం రాశాను. 88214. కిలోమీటరు 41. సాయంత్రం 4.19. నలభై రెండు వ్యాగన్లు. చూసినది, కింద నా సంతకం.

సైదా కొత్త కళ్ళజోడులోంచి ఒక్కొక్క అక్షరమే చదివాడు. వేలు ఒకచోట ఆగింది.

“నాలుగు పంతొమ్మిది కాదయ్యా. ఆ వంపు కాడ నేను ఇంజను గడియారం చూశా. నాలుగు పదిహేడు.”

పందొమ్మిదేళ్ళలో నా అంకె తప్పని ఎవరూ అనలేదు. అంటే పడేవాణ్ణి కాదు. కానీ ఆ బండి ఆ వంపులో ఎప్పుడొచ్చిందో నన్ను దిద్దాలంటే, ఆ బండి వచ్చి ఉండాలి కదా. లోకంలో ఆ మాట చెప్పగలిగినవాడు ఈయనొక్కడే. నా కళ్ళు చెమ్మగిల్లాయి, అద్దాలు తుడుచుకుని కలం తీసుకున్నాను.

పంతొమ్మిది కొట్టేసి పదిహేడు రాశాను.